షీటు ఒకటి, పేర్లు ఎనిమిది



క్రిస్మస్ దగ్గర పడగానే ఇంటికి సున్నం, పిల్లలకు కొత్త బట్టలు, పిండివంటలు అంటూ ఎవరి పనుల్లో వారు మునిగిపోతాం. శుభాకాంక్షలు చెప్పే పనిని మాత్రం ఇప్పుడు ఫోనుకు అప్పగించాం. ఎవరో పంపిన బొమ్మనే మరో వందమందికి పంపుతున్నాం. అందులో తప్పు లేదు గాని, ఫోను లేని అవ్వకు, ఉన్నా బొమ్మ తెరిచి చూడడం రాని తాతకు అది చేరదు. మన మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు ఉద్యోగాలకని పట్నానికో గల్ఫ్‌కో వెళ్లిపోగా, పెద్దలు మాత్రమే మిగిలిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ నెల మన శీర్షికలో ఇంట్లోనే అచ్చులు చేసుకుని కార్డులు తయారుచేసే విధానం రాస్తున్నాం.

క్రిస్మస్ కార్డు పుట్టింది కూడా తీరిక లేకనే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాయలేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారునితో బొమ్మ గీయించి వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. మిగిలినవాటిని ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మారు. ఆ కార్డు మధ్యలో ఒక కుటుంబం విందు చేసుకుంటూ ఉంటుంది. ఆ బొమ్మలో చిన్నపిల్ల చేత కూడా ద్రాక్షారసం తాగిస్తున్నారని అప్పట్లో కొందరు ఆక్షేపించారు. కాని మనం చూడవలసినది కార్డుకు రెండు పక్కలా ఉన్న చిన్న బొమ్మలను. ఒకవైపు ఆకలిగొన్నవారికి అన్నం పెడుతున్నారు, మరోవైపు బట్టలు లేనివారికి బట్టలిస్తున్నారు.

ముందుగా పేర్లు

కాగితం కొనక ముందే ఎనిమిది పేర్లు రాసుకోండి. బంధువుల పేర్లు ఎలాగూ గుర్తుకొస్తాయి. వారితోపాటు మంచం పట్టినవారు, ఒంటరిగా ఉన్న విధవరాండ్రు, పరీక్ష తప్పిన పిల్లవాడు, పరిశ్రమల్లో పనికి దూరం నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్నవారు కూడా ఆ పట్టికలో ఉండాలి. ఎనిమిదే ఎందుకో చెబుతాం.

కాగితం

దుకాణాల్లో దొరికే పెద్ద ఛార్టు షీటు సాధారణంగా 28 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉంటుంది. కాస్త మందంగా, మెరుపు లేనిది తీసుకోండి. మెరిసే కాగితం మీద స్టాంపు సిరా త్వరగా ఆరదు, చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. 28 అంగుళాలను ఏడేసి చొప్పున నాలుగు భాగాలు చేయండి. 22 అంగుళాలలో పదేసి చొప్పున రెండు భాగాలు తీయండి. ఎనిమిది ముక్కలు వస్తాయి. ఒక్కొక్క ముక్కను సగానికి మడిస్తే ఏడు అంగుళాల పొడవు, అయిదు అంగుళాల వెడల్పు గల కార్డు అవుతుంది. మిగిలిన రెండంగుళాల పట్టీని కూడా పారేయకండి. నాలుగు ముక్కలు చేస్తే బైబిలులో పెట్టుకునే గుర్తుకాగితాలు నాలుగు వస్తాయి.

మడిచే ముందు మడత వచ్చేచోట స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత గీయండి. మడత తిన్నగా వస్తుంది, అంచు చిట్లదు. కవరును గోధుమరంగు కాగితంతో, కార్డు కంటే పావు అంగుళం పెద్దదిగా చేసుకుంటే సరిపోతుంది.

అచ్చులు

మొదటి అచ్చు వంటింట్లోనే ఉంది. ముదిరిన బెండకాయను అడ్డంగా, తిన్నగా కోయండి. చాలావాటికి అయిదు పలకలుంటాయి కాబట్టి అయిదు కోణాల నక్షత్రంలాంటి అచ్చు పడుతుంది. కోసిన వెంటనే రంగులో ముంచకూడదు. జిగురును గుడ్డతో అద్ది, కాసేపు ఆరనిచ్చాకే రంగు అద్దాలి. ఆకులతో కూడా అచ్చు వేయవచ్చు. మన ప్రాంతం ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడింది. ద్రాక్షాకు దొరకకపోతే జామాకు, చిక్కుడాకు చాలు. ఈనెలు పైకి కనిపించే వైపు రంగు పలుచగా పూసి, కాగితం మీద బోర్లించి, పైన పాత పేపరు వేసి అరచేతితో నొక్కండి.

కూరగాయ అచ్చు ఆ పూటకే. నిలిచే అచ్చు కావాలంటే పిల్లలు చెరిపేందుకు వాడే పెద్ద రబ్బరు తీసుకోండి. పలుచని కాగితం మీద మెత్తని పెన్సిలుతో బొమ్మ గీసి, ఆ వైపును రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దండి. బొమ్మ తిరగబడి పడుతుంది. అచ్చు వేసినప్పుడు మళ్లీ సరిగా వస్తుంది. గీతల చుట్టూ ఉన్న రబ్బరును రెండు మూడు మిల్లీమీటర్ల లోతున తీసివేయండి. బ్లేడును గీత నుంచి బయటికి వాలుగా పట్టాలి. నిలువుగా కోస్తే సన్నని గీతలు నొక్కినప్పుడు ఒరిగిపోతాయి. బ్లేడు పని పెద్దలదే, పిల్లలకు ఇవ్వకండి.

తెలుగు అక్షరాలు చెక్కడం కష్టం. ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అని స్టాంపు కావాలంటే ఆఫీసులకు రబ్బరు స్టాంపులు చేసే దుకాణంలో చేయించుకోవచ్చు. చేయకముందే నమూనా చూసి వత్తులు సరిచూసుకోండి. ఒక్క వత్తు తప్పితే ప్రతి కార్డులోనూ అదే తప్పు పడుతుంది.

రంగు

రబ్బరు అచ్చుకు మామూలు స్టాంపు ప్యాడు చాలు. కూరగాయలకు, ఆకులకు పోస్టరు రంగును తడి స్పాంజి మీద పూసి వాడండి. అచ్చును ప్యాడు మీద అదిమిపెట్టకుండా తేలికగా నాలుగైదుసార్లు తట్టాలి. కార్డు కింద పాత పత్రిక పరిస్తే అచ్చు అంతటా సమంగా పడుతుంది. తిన్నగా నొక్కి, తిన్నగా పైకి తీయండి. అటూ ఇటూ ఊపితే అంచులు మసకబారుతాయి. రెండు రంగులు కావాలంటే రెండు అచ్చులు చేసుకోవాలి. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం పనివారు చెక్క అచ్చులతో చేసేది అదే. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు ఉంటుంది. పని అయ్యాక రబ్బరును తడిగుడ్డతో తుడిచి ఎండ తగలని చోట ఉంచండి.

లోపల ఏమి రాయాలి?

బొమ్మ అచ్చుది కావచ్చు గాని మాట మీదే కావాలి. రోమీయులకు రాసిన పత్రికను పౌలు చెబుతూ ఉండగా రాసినవాడు తెర్తియు. ఆ సంగతి పదహారవ అధ్యాయంలో ఉంది. అయితే కొలొస్సయులకు రాసిన పత్రికలోను, థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రికలోను చివరి వందనం పౌలు తన చేతితోనే రాశాడు. మనమూ అలాగే చేద్దాం. పేరు పెట్టి పిలిచి, ఆ మనిషికి మాత్రమే చెల్లే రెండు మాటలు రాయండి. “అవ్వా, నువ్విచ్చిన సీతాఫలాలు అందరం తిన్నాం. పండుగనాడు మా ఇంట్లోనే అన్నం తినాలి.” అంతకంటే గొప్ప కవిత్వం అక్కరలేదు.

ఈ సంవత్సరం చావు జరిగిన ఇంటికి నక్షత్రాలు, మెరుపులు ఉన్న కార్డు పంపకండి. ‘శుభాకాంక్షలు’ అనే మాట కూడా వారికి గుచ్చుకోవచ్చు. ఒక్క ఆకు అచ్చు వేసి, పోయినవారి పేరు తలచుకుని, మీ కోసం ప్రార్థిస్తున్నామని రాయండి. చాలామంది ఏమనాలో తెలియక ఆ ఇంటికి వెళ్లడమే మానేస్తారు. కార్డు చేతిలో ఉంటే గడప తొక్కడానికి ధైర్యం వస్తుంది.

దూరంగా ఉన్నవారికి పిన్‌కోడు సరిగా రాసి డిసెంబరు మొదటి వారంలోనే పోస్టు చేయండి. ఊళ్లో ఉన్నవారికి మాత్రం పిల్లల చేతికిచ్చి పంపండి. చదువు రానివారికి ఆ పిల్లలే చదివి వినిపించాలి. వెళ్లిన ఇంట్లో పొయ్యి వెలగలేదని తెలిస్తే కార్డు ఒక్కటే ఇచ్చి తిరిగి రాకండి. బియ్యం కూడా తీసుకువెళ్లండి. తిండి లేనివారితో మంచి మాటలు మాత్రమే చెప్పి పంపడం వల్ల ప్రయోజనమేమిటని యాకోబు అడిగిన ప్రశ్న మన కార్డులకు కూడా వర్తిస్తుంది.

నవంబరులో ఒక శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఒక షీటు పూర్తవుతుంది. ప్రభువు మీ చేతి పనిని దీవించును గాక.