పెట్టెలో వాట్లు, గాలిలో వాట్లు

కంభం చెరువు కింద సేద్యం చేసే రైతును "తూములోంచి ఎంత నీరు వదిలారు?" అని అడిగి చూడండి. "తూము లెక్క నాకెందుకండీ, నా మడికి ఎంత వచ్చిందో అడగండి" అంటాడు. రేడియో లైసెన్సు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం అడిగేదీ ఇంచుమించు ఇదే ప్రశ్న. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ సంగతి ఇటీవలిదాకా తెలియదు.

మార్కాపురం దగ్గర ఒక పల్లెలో సేవాసంఘం నడిపే మిత్రుడొకరు ఒక సాయంకాలం కాగితాల కట్టతో వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల కోసం చిన్న రేడియో కేంద్రం పెట్టాలని వారి సంకల్పం. ఎండిన బోర్లు, నీళ్లలో ఫ్లోరైడు, కందికి తెగులు - ఇవన్నీ మన మాటల్లో మనవాళ్లే చెప్పుకోవాలని ఆశ.

"నిబంధనల్లో 100 వాట్లని ఉంది. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్‌కు బేరం కుదిరింది. రేపే బయానా" అన్నారు ఉత్సాహంగా. అది పదీ పరకా చందాలతో కూడబెట్టిన డబ్బు.

కాగితం చూశాను. 2006 నాటి కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాలలో ఉన్నది ట్రాన్స్‌మిటర్ శక్తి కాదు. "ఎఫెక్టివ్ రేడియేటెడ్ పవర్" 100 వాట్లకు మించరాదని. అవసరం రుజువు చేసుకుంటే 250 దాకా పరిశీలిస్తారట. ఆ మాటకు అర్థమేమిటో చెప్పమని మా కళాశాల భౌతికశాస్త్రం మేష్టారిని పిలిచాము.

"ట్రాన్స్‌మిటర్ తూము, ఏరియల్ దాకా పోయే కేబుల్ కాలువ. కాలువలో నీరు ఇంకినట్టే కేబుల్లో కొంత శక్తి వేడిగా పోతుంది. 100 లో 20 పోయిందనుకోండి, ఏరియల్‌కు అందేది 80" అన్నారాయన.

"మరీ మంచిది. 100 దాటదుగా!"

"ఆగండి. టార్చిలైటు బల్బును విడిగా వెలిగిస్తే గదంతా మసక వెలుగే. వెనక అద్దం అమర్చితే అదే వెలుగు పొలం గట్టు దాకా పడుతుంది. బల్బు శక్తి పెరగలేదు. చెదిరిపోయేది ఒక దారిన పడింది. మంచి ఏరియల్ కూడా పైకీ కిందికీ పోయే శక్తిని ఊళ్ల వైపు మళ్లిస్తుంది. మామూలు డైపోల్ ఏరియల్ కంటే రెండింతలు బలంగా పంపేదయితే, 80 ని రెండుతో హెచ్చవేయాలి. 160!"

మిత్రుడి ముఖం వాడిపోయింది. ఆ ఏరియల్‌తోనే హద్దులో ఉండాలంటే పెట్టెను 62.5 వాట్ల దగ్గర నడపాలి. కేబుల్‌కు పోగా 50, రెండింతలైతే సరిగ్గా 100.

"పెట్టె కొలిస్తే పోయేదానికి ఇంత తిరకాసెందుకు?" అన్నాను.

"పక్క ఊరి కేంద్రానికి అడ్డు తగిలేది గదిలోని పెట్టె కాదు, గాలిలోకి వెళ్లే శక్తి. మొదటి మడివాడు ఎక్కువ లాగితే చివరి మడి ఎండదూ?"

నిజమే. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 లోనే తీర్పు చెప్పింది. ప్రజల ఆస్తికి వంతు తప్పదు.

అయితే వాట్లే సర్వస్వం కాదు. గిద్దలూరుకు పడమట నల్లమల ఉంది. ఎఫ్.ఎం. తరంగాలు చాలావరకు చూపు సాగినంత మేరకే సాగుతాయి. కొండ చాటు పల్లెకు అందడం కష్టం. దారిలో అడ్డమేమీ లేకపోయినా, అదే బలం రెండింతల దూరానికి చేరాలంటే శక్తి నాలుగింతలు కావాలి. ఏరియల్ ఎత్తు నేల నుంచి 15 మీటర్లకు తగ్గరాదు, 30 దాటరాదు. కనుక డబ్బు ఖర్చు పెట్టే ముందు చోటు చూసుకోవడం మేలు.

చిన్న కేంద్రమని చిన్నబుచ్చుకోనక్కర లేదు. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15 న ప్రారంభించిన సంఘం రేడియో ఈ కోవలోదే. దానికి దేశమంతటా పేరు వచ్చింది వాట్ల వల్ల కాదు, చెప్పిన మాటల వల్ల.

మర్నాడు మా మిత్రుడు బయానా ఇవ్వలేదు. కేబుల్ ఎంత పొడవు పడుతుందో చూద్దామని టేపు పట్టుకుని బయలుదేరారు.