జింకల క్షయకు కాపలా కొట్టంలోనే

కర్ణాటక పశుసంగోపన, అటవీ శాఖల ఉన్నతాధికారులకు,

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పంట ఏటా చేతికందదు. ఇంటిని నడిపేది పూటపూటా డెయిరీకి పోసే పాలే. ఆ పాలిచ్చే పశువుల్లో క్షయ ఎంతుందో తేల్చే జాతీయ కార్యక్రమం మనకు లేదు. దేశంలో 2 కోట్ల 18 లక్షల పశువులకు ఆ జబ్బు ఉండొచ్చని 2018లో పరిశోధకులు అంచనా కట్టారు. ఇది కొట్టంతో ఆగే జబ్బు కాదు. మైకోబాక్టీరియం ఒరిగిస్ అనే క్షయ క్రిమి చెన్నైలో ఆవుల్లో బయటపడింది, అక్కడి జింకల్లోనూ బయటపడింది. వేలూరు ఆసుపత్రికి వచ్చిన కొందరు రోగుల్లో కూడా అదే క్రిమి కనిపించింది. వేలూరు మన రోగులకు కొత్త ఊరేమీ కాదు. ఇక మన దగ్గర, గౌరిబిదనూరుకు ఆనుకున్న మధుగిరి తాలూకా మైదేనహళ్ళిలో కృష్ణజింకలు తిరిగేది గడ్డి బయళ్ళలో. అలాంటి చోట పశువుల మేత, మృగాల మేత కలిసిపోతాయి.

ఇక్కడి జింకల్లో క్షయ ఉందని ఎవరు చెప్పారని మీరు అడగొచ్చు. చచ్చిన జింక ఊపిరితిత్తులు కోసి చూడకుండా లేదనీ చెప్పలేం. అమెరికాలోని మిషిగన్‌లో 1990ల నడుమ అడవి జింకల్లో పశువుల క్షయ పాతుకుపోయింది, ఈనాటికీ పూర్తిగా పోలేదు. దక్షిణాఫ్రికా క్రూగర్ జాతీయ పార్కులో అడవిదున్నల నుంచి సింహాలకూ పాకింది. అడవిలోకి పోయాక దాన్ని పట్టి తేవడం చాలా కష్టం గనుక, ఆపగలిగిన చోటు కొట్టమే.

పాలు పాశ్చరైజ్ చేస్తున్నాం కదా అన్నది రెండో మాట. అది ప్యాకెట్ కొన్నవాడిని కాపాడుతుంది. పక్క పశువునూ, జబ్బు ఆవు దగ్గిన గాలి పీల్చే పాలేరునూ కాపాడదు. అసలు చిక్కు మూడోది: జబ్బు తేలిన ఆవును ఏం చేయాలి? 2021 నుంచి రాష్ట్రంలో గోవధ నిషేధం మరింత కఠినమైంది, రైతుకేమో పాల డబ్బు పోతుందన్న భయం. కానీ ఆ ఆవు ఎలాగూ బతికే ఉంటుంది, మందలోనే దగ్గుతూ ఉంటుంది. తెలియకుండా ఉంచుకోవడం కంటే తెలిసి వేరుగా కట్టేయడం మేలు. అలా వేరుగా ఉంచే ఖర్చు, పోయిన పాల విలువ ప్రభుత్వం భరించకపోతే ఏ రైతూ పరీక్షకు ఒప్పుకోడు. ఒప్పుకోమనడం న్యాయమూ కాదు.

చర్మ పరీక్ష ఫలితం 72 గంటల్లో తెలుస్తుంది. ప్రయోగశాలలు బెంగళూరులోని హెబ్బాళ, యలహంకల్లో ఉన్నాయి. చనిపోయిన ప్రతి కృష్ణజింక నమూనా అక్కడికి చేరాలి, మైదేనహళ్ళి చుట్టుపక్కల పశువులకు పరీక్ష జరగాలి, ఫలితాలు జిల్లా క్షయ అధికారికీ అందాలి. పరిహారం సంగతి ముందు తేల్చి, ఈ ఎండాకాలంలోపే పని మొదలుపెట్టమని మనవి.