పెట్రోలు ఎవరు పోస్తారు?

జర్మనీ నుంచి పదహారేళ్ళ పిల్ల ఒక ఏడాది అమెరికా హైస్కూల్లో చదవడానికి వస్తుంది. హోమ్‌కమింగ్ డాన్సు, ఫుట్‌బాల్ ఆటలు, పసుపుపచ్చ బస్సు... ఈ కబుర్లు అందరూ చెబుతారు. ఆ పిల్లని ఇంట్లో పెట్టుకున్న అమ్మ ఊసే ఎవరూ ఎత్తరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

జర్మనీలో ఆ వయసు పిల్లలు సైకిలు మీదో ట్రామ్‌లోనో తామే వెళ్ళొస్తారు. ఆటలకి ఊళ్ళో క్లబ్బులుంటాయి. అమెరికాలో ఆటలు బడిలోనే, అదీ బడి వదిలాక. పిల్ల కారు నడపడానికి ప్రోగ్రాం వాళ్ళు ఒప్పుకోరు. మరి సాయంత్రం ఆరింటికి స్కూలు ముందు కారులో ఎదురుచూసేది ఎవరు? చాలా ఇళ్ళలో ఆవిడే. బ్రెడ్డు దూదిలా ఉందని పిల్ల మొహం చిట్లిస్తే గట్టి బ్రెడ్డు వెతికేదీ, క్రిస్మస్‌కి ఇంటిమీద బెంగతో ఏడిస్తే పక్కన కూచునేదీ ఆవిడే.

జె-1 వీసా పిల్లల్ని పెట్టుకున్న ఇంటికి జీతం ఉండదు. పన్ను లెక్కలో నెలకి 50 డాలర్ల దాకా దానం కింద చూపించుకోవచ్చు. అమెరికా కాంగ్రెస్, జర్మనీ బుందెస్టాగ్ కలిసి 1983లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్‌లో విమానం టికెట్టుకి, బీమాకి డబ్బుంది. మరి ఆవిడ పెట్రోలు మాటేమిటి?

డబ్బిస్తే డబ్బుకోసమే పెట్టుకునేవాళ్ళు వస్తారట. నేను జీతం అడగట్లేదే, ఖర్చు అడుగుతున్నాను. "ప్రేమతో చేసేదానికి లెక్కలేమిటి" అంటారా? మనింట్లో రోజూ వినే మాటేగా అది. ఆ ఏజెన్సీల్లో ఉద్యోగం చేసేవాళ్ళకీ పిల్లలంటే ప్రేమే అయ్యుంటుంది. ఒకటో తారీఖున వాళ్ళెవరూ జీతం వద్దనరు మరి.