పాత జాబితా, కొత్త ఓటరు

“ప్రజలకు ఓటుంది, దాన్ని వాడుకోవడం మాత్రం చేతకాదు” అనే మాట మన చదువుకున్నవాళ్ళ నోట తరచుగా వినబడుతుంది. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడయితే మరీనూ. సారాకూ నోటుకూ ఓటమ్ముకునే జనమనీ, కులం తప్ప మరేమీ తెలియని అజ్ఞానులనీ ఈసడింపులు. ఈ ఆరోపణను కాసేపు పక్కన బెడదాం. అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ ఓటు ప్రజల చేతికి నిజంగా అందుతున్నదా?

ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018లో తీరిపోయింది. గడువు తీరకముందే ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగం 243-ఇ అధికరణం శాసిస్తోంది. జరిగిందేమిటి? రెండేళ్ళకు పైగా గ్రామాలను ప్రత్యేకాధికారులు ఏలారు. చివరకు 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఎన్నికలు జరిగాయి. జరిగింది 2019 నాటి ఓటర్ల జాబితాతో! పంచాయతీరాజ్ శాఖ కొత్త జాబితా తయారు చెయ్యలేదు గనుక పాతదే గతి అన్నది రాష్ట్ర ఎన్నికల సంఘం. కొత్తగా పద్ధెనిమిదేళ్ళు నిండిన 3.6 లక్షల మంది దీనివల్ల ఓటు కోల్పోతారని చెప్పిందీ ఆ సంఘమే. ఒక విద్యార్థిని హైకోర్టు తలుపు తట్టింది. ఎన్నికలు మాత్రం పాత జాబితాతోనే ముగిశాయి.

దీని అర్థమేమిటో లెక్క వేసి చూడండి. ఆ జాబితాకు అర్హత తేదీ 2019 జనవరి 1. మరునాడు పద్ధెనిమిది నిండిన కూలివాని కూతురు 2021లో ఇరవై యేళ్ళు దాటిన మనిషి. అయినా తన వీధి మంచినీళ్ళ సంగతి చూసే వార్డు సభ్యుణ్ణి ఎన్నుకునే హక్కు ఆమెకు లేదు. పంచాయతీ గడువు అయిదేళ్ళు. మళ్ళీ అవకాశం వచ్చేసరికి ఆమెకు ఇరవై అయిదు. ఇరవై ఒకటి నిండితే సర్పంచి పదవికే పోటీ చెయ్యవచ్చునంటున్నది రాజ్యాంగం. ఓటు వయస్సు 21 నుంచి 18కి దించిన 61వ సవరణను 1988లో ఎంత ఆర్భాటంగా తెచ్చారు! ఒక కచేరీ అలసత్వం ఆ సవరణను ఈ పిల్ల విషయంలో రద్దు చేసింది గదా.

ఇది కేవలం గుమాస్తాల పొరపాటని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. వయోజన ఓటుహక్కును ప్రకటించే 326వ అధికరణం లోక్‌సభనూ, శాసనసభలనూ మాత్రమే పేర్కొంటుంది. పంచాయతీ జాబితా బాధ్యతను 243-కె అధికరణం రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. కాని 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఆ జాబితాకు ఆధారం శాసనసభ జాబితాయే. అంటే పంచాయతీ ఓటరు ఎరువు తెచ్చుకున్న ఓటరు. జాబితా చేసేది ఒకరు, దాన్ని గ్రామాలకూ వార్డులకూ విడదీసేది మరొకరు, ఎన్నిక జరిపేది ఇంకొకరు. తప్పు జరిగితే ముగ్గురూ ఒకరినొకరు చూపిస్తారు. ఓటు చట్టం ప్రసాదించిన హక్కు మాత్రమేనని సుప్రీంకోర్టు 1952లోనే పొన్నుస్వామి కేసులో తేల్చింది. పంచాయతీ ఎన్నికల్లో కోర్టుల జోక్యాన్ని 243-ఓ అధికరణం ఎటూ కట్టడి చేసే ఉంది. పేరు పోయినవాడు ఇక ఎవరితో చెప్పుకోవాలి?

పోయే పేర్లు ఎవరివి? బ్రిటిషువారి నాటి స్థానిక బోర్డుల్లో ఆస్తీ పన్నూ ఉన్నవాడికే ఓటు. ఆ అడ్డు స్వతంత్ర భారతం తొలగించింది. కాని మొదటి సార్వత్రిక ఎన్నికల నాడే, ఫలానావాడి పెళ్ళామనో ఫలానావాడి తల్లి అనో తప్ప సొంత పేరు చెప్పుకోని 28 లక్షల మంది స్త్రీలను జాబితాలోంచి కొట్టేశారు. 2025లో బీహారు ప్రత్యేక సవరణలో ముసాయిదాకెక్కని పేర్లు దాదాపు 65 లక్షలు. ఆ పేర్లనూ కారణాలనూ బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించవలసి వచ్చింది. పొట్టకూటికి వలసపోయిన పాలమూరు కూలీ ఇంటికి తాళం ఉంటుంది. తాత్కాలికంగా ఊళ్ళో లేనంత మాత్రాన నివాసం పోదనీ, ఇల్లున్నంత మాత్రాన నివాసం రాదనీ 1950 చట్టం 20వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. పట్నంలో కాపురమున్న ఆసామికి ఊళ్ళో సాక్ష్యం చెప్పేవాళ్ళుంటారు. కూలీకి తాళమే సాక్ష్యం.

అయితే జాబితా సరిగా లేదని ఎన్నికలు వాయిదా వేయాలా? వద్దు. వాయిదా అందరి ఓటునూ కాజేస్తుంది, లాభం అధికారులకే. గడువు ముందే తెలిసినప్పుడు జాబితా కూడా ముందే సిద్ధం కావాలి. 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు వచ్చాయి. తాజా జాబితానే వాడి తీరాలనే నిబంధన పంచాయతీ ఎన్నికలకూ ఉండాలి. పేరు కొట్టేసేముందు కారణం రాసి ఇవ్వాలి. ముసాయిదాను గ్రామసభలో పైకి చదవాలి.

ఈ పని అడిగితే వచ్చేది కాదు. ఇంటింటికీ తిరిగే బూత్ స్థాయి అధికారుల్లో చాలామంది ఉపాధ్యాయులే. తాళం చూసి వెనక్కి తిరగాలా, పక్కింటిని అడగాలా అన్నది నిర్ణయించేది వాళ్ళ కలం. ఓటు లేకుండా పోయినవారిలో విద్యార్థులున్నారు. ప్రజల అజ్ఞానాన్ని గురించి ఉపన్యసించేముందు తమ వార్డు జాబితాను తెచ్చి ఒక్కసారి చదవండి. ఎవరి పేరు లేదో చూస్తే, రాజ్యం ఎవరిదో తెలుస్తుంది.