అంకె సరే, ఆ వాక్యానికి కర్త ఎవరు?

నవంబరులో అంటాల్యా వాతావరణ సదస్సు కాప్-31కు బయలుదేరే ముందు రెండేళ్ల పేపర్ కటింగులు మళ్లీ తిరగేశాను. అన్నిటా ఒకటే లెక్క. పేద దేశాలు ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగాయి, బాకు సదస్సులో ఖరారైంది 30 వేల కోట్లు, కాబట్టి ఓడిపోయాం. పశువుల సంతలో బేరం చెడిన కథలా ఉంది తప్ప, ఒక ఒప్పందం మీద జరిగిన వాదంలా లేదు. ఆ అంకె ముందు ఏ క్రియ ఉందో, దానికి కర్త ఎవరో చూసినవాళ్లు ఒక్కరూ నాకు కనబడలేదు.

కొంత తప్పు మన భాషదీ ఉంది. ఇంగ్లిష్ ఒప్పందాల్లో ‘షల్’ అంటే చేసి తీరవలసిన విధి. ‘షుడ్’ అంటే అలా చేయడం సబబని చెప్పడం. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ‘ఆలి’ అయిపోతాయి. అప్పు తీర్చాలి అన్నా, వేళకు తినాలి అన్నా మనకు అదే ప్రత్యయం. రాత్రి పదింటికి పేజీ మూసే సబ్ ఎడిటర్‌ను దీనికి నిందించలేను. కానీ 2015 డిసెంబరు 12న పారిస్‌లో వాతావరణ ఒప్పందం ముగింపు సభ ఆలస్యమైంది సరిగ్గా ఈ తేడా దగ్గరే. ఉద్గారాల తగ్గింపులో సంపన్న దేశాల బాధ్యతను చెప్పే 4వ అధికరణం 4వ పేరాలో, చివరి ముసాయిదాలో ‘షల్’ పడింది. కొత్త విధి అయితే సెనేట్‌కు వెళ్లాలి, అక్కడ గట్టెక్కదు గనుక అమెరికా ససేమిరా అంది. చివరికి సచివాలయ అధికారి చిన్నచిన్న సవరణల జాబితా చదువుతూ, ఆ వరసలోనే దాన్ని ‘షుడ్’ చేసేశారు. అధ్యక్షుడు లోరాన్ ఫాబియస్ సుత్తి కొట్టారు. అంతే.

అదే ఒప్పందంలో 9వ అధికరణం 1వ పేరా జోలికి మాత్రం ఎవరూ పోలేదు. వర్ధమాన దేశాలకు సంపన్న దేశాలు ఆర్థిక వనరులు అందించాలి అనే వాక్యం అది, ‘షల్’తో. సెనేట్ భయం అక్కడ ఎందుకు రాలేదు? కన్వెన్షన్ కింద ఇప్పటికే ఉన్న బాధ్యతలకు కొనసాగింపుగా, అని ఆ వాక్యం చివర ఉంది. ఆ కన్వెన్షన్ 1992 నాటి రియో ఒప్పందం. దాని 4వ అధికరణం 3వ పేరాలో కొత్తవి, అదనపువి అయిన నిధులివ్వడం విధిగా రాసి ఉంది. ఆ ఏడాది అక్టోబరులోనే అమెరికా సెనేట్ దానికి సమ్మతించింది. మన ఊళ్లలో మూడేళ్లు నిండకముందే ప్రామిసరీ నోటు తిరగరాయించుకుంటారే, 9లోని 1వ పేరా అలాంటిది. అప్పు పాతదే.

3వ పేరా సంగతి వేరు. ప్రపంచ ప్రయత్నంలో భాగంగా, రకరకాల వనరుల నుంచి నిధులు సమీకరించడంలో సంపన్న దేశాలు ముందుండాలి అంటుంది. ఇక్కడ ‘షుడ్’. తన జేబులోంచి తీసి ఇవ్వడం ఒకటి, నలుగురినీ పోగేసి చందా వసూలుకు ముందు నడవడం ఒకటి.

ఇప్పుడు బాకు తీర్మానం 8వ పేరా చదవండి. పేరుకు 9వ అధికరణం మొత్తాన్నీ తలుచుకుంటుంది. వాక్యం మాత్రం 3వ పేరా నుంచి ఎత్తుకొచ్చింది. సంపన్న దేశాలు ఇస్తాయని అందులో లేదు. వాటి సారథ్యంలో, ప్రభుత్వ ప్రైవేటు వనరులన్నీ కలిపి 2035 నాటికి ఇంత అని లక్ష్యం పెట్టుకోవడమే ఉంది. కర్త జారిపోయాడు. సుత్తి పడ్డాక భారత ప్రతినిధి చాందినీ రైనా ఆ పత్రాన్ని దృష్టిభ్రమ అన్నారు. టీవీల్లో అది అంకె చాలలేదన్న కోపంగా వచ్చింది. ఆమె ఆ మాటా అన్నారు, నిజమే. నా లెక్కలో మాత్రం గాయం అంకెకు తగిలింది కాదు.

సభ్యదేశాల సభ చేసే తీర్మానం ఒప్పందాన్ని సవరించలేదు. సవరణకు వేరే తంతు ఉంది. అందుకే 30 వేల కోట్లు పైసలతో సహా పోగైనా 1వ పేరా బాకీ తీరినట్టు కాదన్నది నా వాదం. ఆ పేరాలో మొత్తం లేదు, ఎవరి వాటా ఎంతో లేదు కదా అని ఐరోపా మిత్రులు అడుగుతారు. లేని మాట నిజం. కానీ అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులై 23న ఇచ్చిన సలహాభిప్రాయం ఆ ప్రశ్నను వదిలిపెట్టలేదు. మొత్తం రాయకపోయినా, ఒప్పంద లక్ష్యాలు నెరవేరే స్థాయిలో ఆ బాధ్యత తీర్చాలని, ఇచ్చేవారి స్తోమతనూ పుచ్చుకునేవారి అవసరాన్నీ బట్టి దాన్ని తూచవచ్చని చెప్పింది. సలహాయే కదా అనేవారికి ఒక్క మాట. సలహా ఎవరినీ కట్టిపడేయదు, అది వివరించిన ఒప్పందం కట్టిపడేస్తుంది.

ఇదంతా వ్యాకరణ వేడుక కాదు. 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చిన ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు 2020కి అందాలి, సంపన్న దేశాల సొంత లెక్కల్లోనే 2022కి గానీ అందలేదు. అందులోని ప్రభుత్వ సొమ్ములో మూడింట రెండొంతులు అప్పులు. సౌర ఫలకాలకైతే ప్రైవేటు మదుపు వస్తుంది, లాభం కనబడుతుంది గనుక. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లను కోసుకుపోకుండా కట్టే గోడ మీద ఎవరు వడ్డీ సంపాదిస్తారు? అక్కడికి రావలసింది 1వ పేరా డబ్బే.

బాకు తర్వాత బెలెం సదస్సులో 1వ పేరాపై రెండేళ్ల కార్యక్రమం సంపాదించాం. దానికీ ‘9వ అధికరణం మొత్తం సందర్భంలో’ అని తోక తగిలించారు. ఆ తోక పట్టుకుని చర్చను మళ్లీ 3వ పేరాకు లాగడం ఖాయం.

మరి చైనా, గల్ఫ్ దేశాలు ఇవ్వక్కర్లేదా అనే ప్రశ్న ఉండనే ఉంది. అక్రమమైన ప్రశ్నేమీ కాదు. దానికి దారి ఆతిథ్య దేశమే చూపించింది. ఇచ్చేవారి జాబితా అయిన కన్వెన్షన్ రెండో అనుబంధంలో 1992లో టర్కీ పేరుంది. మా పరిస్థితి వేరని ఏళ్ల తరబడి వాదించి, 2001లో మరకేష్‌లో అందరి ఒప్పుదలతో ఆ పేరు తీయించుకుంది. కన్వెన్షన్ ప్రకారం జాబితాలో పేరు చేర్చాలన్నా అదే పద్ధతి, ఆ దేశం సమ్మతి కావాలి. చైనాను రాయాలనుకునేవారు అంటాల్యాలో సవరణ ప్రతిపాదించి, దాని సమ్మతి అడగవచ్చు. ఉన్న పేర్లను వాక్యంలోంచి చెరిపేయడం ఆ పనికి బదులు కాదు.