పాటలు సరే, ఆర్‌ఆర్ ఎవరు చేశారు?

పోయినవారం ఆఫీసు క్యాంటీన్లో చిన్న గొడవైంది. మా టీములో ఓ పెద్దమనిషి ఉన్నాడు (పేరెందుకు లెండి, అప్రైజల్స్ దగ్గర పడుతున్నాయి). పొద్దున్నే వచ్చి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఇంటర్‌స్టెల్లార్ మ్యూజిక్ పెట్టుకుంటే గానీ ఒక్క లైను కోడ్ రాయడు. ఆయనగారు సాంబారన్నం కలుపుకుంటూ సెలవిచ్చిందేమిటంటే, "మనవాళ్ళకి బ్యాక్‌గ్రౌండ్ చెయ్యడం రాదు గురూ. ఇళయరాజా తర్వాత ఎవడూ లేడు. ఇప్పుడొచ్చేదంతా డబడబా వాయింపే" అని.

నాకు ఒళ్ళు మండింది. అయినా శాంతంగానే అడిగా, "అర్జున్ రెడ్డి ఎలా ఉందండీ?" అని.

"అబ్బో, అది వేరే లెవెల్. రధన్ ఇరగదీశాడు కదా!"

అదిగో, అక్కడే దొరికాడు. అర్జున్ రెడ్డి (2017)లో పాటలు రధన్‌వి. ఆర్‌ఆర్ చేసింది హర్షవర్ధన్ రామేశ్వర్. పెద్దమనిషి పదిసార్లు చూసిన సినిమా, పదిసార్లు మెచ్చుకున్న సంగీతం, మెచ్చుకున్నది మాత్రం వేరేవాడి పేరు పెట్టి. అలాంటాయన "ఎవడూ లేడు" అని తీర్పు చెప్పేస్తున్నాడు. ఉన్నవాడి పేరు మనం కనుక్కోకపోతే వాడు లేనట్టేనా?

తెలియనివాళ్ళ కోసం: ఆర్‌ఆర్ అంటే రీరికార్డింగ్. సినిమావాళ్ళు నేపథ్య సంగీతాన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మనం బీజీఎం అంటాం. ఎవరేమని పిలిచినా రెండున్నర గంటల సినిమాలో పాటలు పోగా మిగిలినదాంట్లో మన చెవిని నడిపించేది అదే. కానీ మన రివ్యూల్లో దానికి దక్కేది ఒకే ఒక్క వాక్యం: "నేపథ్య సంగీతం బాగుంది". మరీ ఉదారంగా రాస్తే "ఆకట్టుకుంటుంది". అంతే. కెమెరా, ఎడిటింగ్, నిర్మాణ విలువలతో కలిపి ఆఖరి పేరాలో తోసేస్తారు.

నేనేదో శుద్ధపూసనని చెప్పుకోవట్లేదు. మిడిల్ క్లాస్ మెలొడీస్ (2020) చూసి, స్వీకర్ అగస్తి పాటలే కాదు, బ్యాక్‌గ్రౌండ్ కూడా భలే చేశాడని నలుగురికి చెప్పుకు తిరిగాను. తీరా చూస్తే ఆర్‌ఆర్ ఆర్.హెచ్. విక్రమ్‌ది! గుంటూరులో ఆ హోటల్ హడావుడి చుట్టూ వినిపించే సంగీతానికి నేను వేరే మనిషికి దండ వేశాను. సిగ్గేసింది. అప్పట్నుంచి సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటే లేవకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నా. మా ఆవిడ పార్కింగ్‌లో ఇరుక్కుపోతామని విసుక్కుంటుంది, అది వేరే సంగతి :)

డీజే టిల్లు (2022) తీసుకోండి. పాటలు శ్రీచరణ్ పాకాల, రామ్ మిరియాల. ఆర్‌ఆర్ తమన్. ఇలా పాటలొకరు, ఆర్‌ఆర్ ఇంకొకరు చెయ్యడం ఇప్పుడు మామూలైపోయింది. అందులో తప్పేం లేదు, రెండూ వేరువేరు విద్యలు. జాతీయ అవార్డులవాళ్ళు కూడా 2009 సినిమాల నుంచి పాటలకొకటి, నేపథ్య సంగీతానికొకటి విడివిడిగా ఇస్తున్నారు. ఆ ఏడాది నేపథ్యానికి పళశిరాజాకి ఇళయరాజా తీసుకున్నారు. ఢిల్లీవాళ్ళకి అర్థమైన తేడా మన ఫేస్‌బుక్ మేధావులకి ఇంకా అర్థం కాలేదు. 2023 సినిమాలకి ఆ అవార్డు యానిమల్‌కి గాను మన హర్షవర్ధన్ రామేశ్వర్‌కే వచ్చింది. 2025 ఆగస్టులో ఆ వార్త చూసి మా ఫ్లోర్‌లో వినిపించిన మొదటి ప్రశ్న, "ఎవరీ హర్షవర్ధన్?" కబీర్ సింగ్ (2019) ఆర్‌ఆర్ కూడా ఆయనదే బాబూ. యానిమల్ కథ మీద నాకు బోలెడు గొడవలున్నాయి, సంగీతం మీద మాత్రం లేవు.

2023 మార్చిలో నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన రోజు మనమందరం గంతులేశాం. నేనూ వేశాను. అదే రాత్రి, అదే స్టేజీ మీద, నేపథ్య సంగీతానికి ఇచ్చే ఆస్కార్ ఎవరికొచ్చిందో ఎంతమందికి గుర్తుంది? ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్‌కి వోల్కర్ బెర్టెల్‌మాన్. ఆయన చేసిందేమిటి? తన ముత్తవ్వ హార్మోనియం బాగు చేయించి దాని మీద మూడంటే మూడు స్వరాలు వాయించాడు. సినిమా మొత్తం వెంటాడేది ఆ మూడు స్వరాలే. హార్మోనియం అండీ! మన నాటకాలవాళ్ళ హార్మోనియం! సురభి వాళ్ళ దగ్గర ఎన్ని ఉంటాయి అవి?

సరే, "మనవాళ్ళెవరున్నారు చెప్పు" అన్నాడు కదా పెద్దమనిషి. చెప్తా.

మత్తు వదలరా (2019) చూశారా? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ చూడండి. కాల భైరవ. అందరికీ కీరవాణిగారబ్బాయిగా తెలుసు, లేదా నాటు నాటు పాడిన ఇద్దరిలో ఒకడిగా తెలుసు, కొమురం భీముడోకి గాయకుడిగా జాతీయ అవార్డు వచ్చిందనీ తెలుసు. ఆర్‌ఆర్ చేస్తాడని మాత్రం చెబితే "ఓహో" అంటారు. ఆ సినిమాని నిలబెట్టింది పాటలు కాదు, డెలివరీ కుర్రాళ్ళు శవంతో ఇరుక్కుపోయే కథ. నవ్వూ భయమూ ఒకే సీన్లో ఉంటాయి. సంగీతం కాస్త నవ్వు వైపు ఒరిగితే భయం పోతుంది, కాస్త భయం వైపు ఒరిగితే జోకు చస్తుంది. ఆ కుర్రాడు రెండింటి మధ్య తాడు మీద నడిచాడు. మధ్యలో టీవీ సీరియల్ పేరడీ వస్తుంది చూడండి, అక్కడ కావాలని చెత్తగా వాయించాలి. చెత్తని అంత శ్రద్ధగా వాయించడం తేలిక కాదు. కలర్ ఫొటో (2020)కి వచ్చేసరికి పూర్తిగా వేరే మనిషిలా చేశాడు. తండ్రి పేరు తలుపు తెరిచి ఉండొచ్చు, కాదనను. లోపలికొచ్చాక పని చెయ్యాల్సింది తనేగా.

వివేక్ సాగర్ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పెళ్ళిచూపులు (2016), ఈ నగరానికి ఏమైంది (2018), బ్రోచేవారెవరురా (2019), అంటే సుందరానికీ (2022), కీడా కోలా (2023). పెళ్ళిచూపుల్లో మాటలు సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్ జరిగిన చోటే రికార్డ్ చేశారు. ఫ్యాన్ చప్పుడు, వీధి చప్పుడు అన్నీ ఉంటాయి. వాటి మీద వయొలిన్లు కుమ్మరిస్తే సీన్ నాశనం. ఈయన ఎక్కడ ఊరుకోవాలో తెలిసినవాడు. అదే హిట్ మొదటి భాగం (2020)లో విని చూడండి, ఇతనేనా అనిపిస్తుంది. పదేళ్ళ బట్టీ చేస్తున్నా మన పత్రికలకి ఇంకా "వర్ధమాన సంగీత దర్శకుడే". మన కంపెనీల్లో పదేళ్ళకి మేనేజర్ అయి కూర్చుంటాం. వీళ్ళు ఇంకా ట్రైనీలే!

మార్క్ కె రాబిన్ అని ఇంకొకాయన. అ! (2018), ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ (2019). నెల్లూరు డిటెక్టివ్ కామెడీ అనుకుని కూర్చుంటాం, సగం దాటాక అనాథ శవాల దగ్గరికి తీసుకెళతారు. ఆ మలుపులో మనం తూలిపోకుండా చెయ్యి పట్టుకున్నది సంగీతమే. ప్రశాంత్ ఆర్ విహారి మెంటల్ మదిలో (2017) లాంటి మెత్తటి సినిమా చేసి మరుసటి ఏడాది అంతరిక్షం (2018) చేశాడు. శ్రీచరణ్ పాకాల అంటే అందరూ గూఢచారి (2018) అంటారు గానీ, నా మటుకు నాకు ఎవరు (2019) ఇంకా గొప్ప పని. హోటల్ గదిలో ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటుంటే సినిమా నడవాలి. నడిపించాడు. ఇక హనుమాన్ (2024)కి పనిచేసిన ముగ్గురిలో ఒకడైన గౌర హరి, మిరాయ్ (2025) ఒక్కడే మోశాడు.

ఇప్పుడు వాయింపుడు సంగతి. ఎలివేషన్ సీన్లో హీరో తలుపు తీస్తే కోరస్, చెయ్యి ఎత్తితే డప్పులు. దానికి నేను వ్యతిరేకిని కాదు. అఖండ (2021)కి అఖండ లాగే వాయించాలి, తమన్ వాయించాడు, న్యాయం. నా గొడవ ప్రతి సినిమాకీ అదే కొలబద్ద పెట్టే మనలాంటివాళ్ళతో. థియేటర్లో సీటు అదిరిందా లేదా అని చూసి మార్కులేస్తాం, ఆ తర్వాత మనమే "అంతా వాయింపే" అని సాంబారన్నం తింటూ బాధపడతాం.

"మంచి బ్యాక్‌గ్రౌండ్ అంటే వినపడకూడదు కదా, మరి పేరెందుకు తెలియాలి?" అని తెలివిగా అడిగేవాళ్ళుంటారు. అయ్యా, సర్వర్లు సజావుగా నడుస్తున్నంతకాలం సిస్టమ్ అడ్మిన్ ఎవడికీ గుర్తురాడు. అందుకని వాడికి హైక్ ఎగ్గొడితే ఊరుకుంటామా?

ఇదంతా నాకెందుకంటారా... నాతో పాటు ట్రైనింగ్‌లో చేరిన స్నేహితుడొకడు ఉద్యోగం వదిలేసి ఒక సంగీత దర్శకుడి దగ్గర కీబోర్డ్ ప్రోగ్రామర్‌గా చేరాడు. రెండేళ్ళు చేశాడు. వాడు చెప్పిన కథలు వింటే మన రిలీజ్ నైట్లు పిక్నిక్కులనిపిస్తాయి. సినిమా తీయడానికి ఏడాదిన్నర, ఆర్‌ఆర్‌కి మిగిలేది రెండు వారాలు. ఎడిటింగ్ రూములోనే వేరే సినిమా సంగీతం అతికించి "రిఫరెన్స్" అని పంపుతారు, దర్శకుడు నెల్లాళ్ళుగా దానికే అలవాటు పడి ఉంటాడు. కొత్తగా ఏం చేసినా "అదిలా లేదు" అంటాడు. రీలుకి రీలు పూర్తి చేసి పంపాక గ్రాఫిక్స్ వచ్చాయనో, నిడివి ఎక్కువైందనో పదిహేను సెకన్లు కత్తిరిస్తారు. తాళం తప్పుతుంది. మళ్ళీ మొదటికి. డెమోకి ముందురోజు రాత్రి రిక్వైర్‌మెంట్ మార్చే క్లయింట్ని మనం ఎన్ని తిట్లు తిడతాం? అక్కడ తిట్టడానికి కూడా లేదు, ఎందుకంటే ఇంకో కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉంటాడు.

వాడు రాత్రుళ్ళు మేల్కొని కూర్చిన ఒక సినిమా రిలీజైంది. మేమిద్దరం మొదటి రోజు వెళ్ళాం. టైటిల్స్‌లో వాడి పేరు లేదు. చివర్లో ఉంటుందేమోనని కూర్చున్నాం. చివర్లో హాల్లో లైట్లు వేసి తలుపులు తీసేశారు, పేర్లు సగం కూడా పడకుండానే ఆపేశారు. పాటల ఆల్బమ్ సినిమాకి ముందే వచ్చింది. ఆర్‌ఆర్ విడిగా ఎప్పుడూ రాలేదు. అంటే వాడి రెండేళ్ళ పనిలో ఆ ముక్క వినాలంటే డైలాగుల వెనక, ఫైట్ల చప్పుళ్ళ వెనక వెతుక్కోవాల్సిందే. వాడిప్పుడు మళ్ళీ మన లైన్లోనే ఉన్నాడు, టెస్టింగ్‌లో. జీతం టైముకి వస్తోందంటాడు. కీబోర్డ్ అటక మీద ఉంది.

మ్యూజిక్ కంపెనీలు కొన్ని సినిమాలకి ఓఎస్‌టీ పేరుతో ఆర్‌ఆర్ బయట పెడుతున్నాయి. పెద్ద హీరో అయితే పెడతారు, అదీ ఎప్పుడో తీరుబడిగా. చిన్న సినిమాలకి దిక్కులేదు. మనం అడిగితే గదా పెట్టేది? పాట లిరికల్ వీడియో పది నిమిషాలు లేటైతే ట్విట్టర్‌లో నిర్మాతని తిట్టే జనం, ఆర్‌ఆర్ ఏదీ అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఓపెన్ సోర్స్ లైబ్రరీలో నాలుగు లైన్లు వాడుకుంటే లైసెన్స్ ఫైల్‌లో రాసినవాడి పేరు తీసెయ్యకూడదని జూనియర్లకి పాఠాలు చెప్తామే, ఆ బుద్ధి సినిమా హాలు గుమ్మం దగ్గర ఏమైపోతుందో!

పెద్దమనిషికి ఆ రోజు సాయంత్రమే మత్తు వదలరా లింకు పంపాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చూడమని మరీ రాశాను. సోమవారం అడిగితే స్ప్రింట్ ఎండ్ అన్నాడు. నిన్న అడిగితే వాళ్ళావిడ ఊరెళ్ళిందట, ఈ శనివారం చూస్తాడట. చూడనీ, ఆ తర్వాత ఎవరు చేశారో పేరు అడుగుతా.