ఒక సంచి, 131 సార్లు

పోయిన నెల మా తెలుగు తరగతిలో పర్యావరణం గురించి పాఠం చెప్తున్నాను. చెట్లు నాటాలి, నీళ్ళు పొదుపు చేయాలి, ప్లాస్టిక్ తగ్గించాలి అని బోర్డు మీద రాశాను. వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, మీ ఇంట్లో ఎన్ని బ్యాగులు ఉన్నాయి?" అని అడిగింది. "సరుకుల సంచులా? పదో పన్నెండో ఉంటాయి" అన్నాను.

ఇంటికెళ్ళి గరాజులో, కారు డిక్కీలో, వంటింటి సొరుగుల్లో వెతికి లెక్కపెట్టాను. 64 తేలాయి! అందులో 20 నూలు సంచులు. మిగతావి గుడ్డలా కనిపించే ప్లాస్టిక్ సంచులు. పాఠం చెప్పాల్సింది నేనా, ఆ అమ్మాయా అనిపించింది.

మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడ 2022 మే 4 నుంచి దుకాణాల్లో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కవర్లు ఇవ్వకూడదు. పెద్ద కిరాణా దుకాణాల్లో కాగితం సంచులు కూడా ఇవ్వరు. మంచి చట్టమే. కవర్లు చెట్ల కొమ్మలకి వేలాడటం, కాలవల్లోకి, సముద్రంలోకి కొట్టుకుపోవడం మనం చూస్తూనే ఉన్నాం. కానీ మనం ఏం చేశాం? సంచి మర్చిపోయి దుకాణానికి వెళ్ళిన ప్రతిసారీ ఇంకొకటి కొన్నాం. ఆన్‌లైన్‌లో సరుకులు తెప్పించుకుంటే ప్రతిసారీ కొత్త సంచుల్లో వచ్చాయి. కవర్లు పోయాయి, సంచుల గుట్ట వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో రకరకాల సంచులని పోల్చి చూసింది. పలచటి ప్లాస్టిక్ కవరు ఒక్కసారి వాడితే వాతావరణం వేడెక్కడానికి అది ఎంత కారణమవుతుందో, నూలు సంచి అంతకన్నా మేలు అనిపించుకోవాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలట. గుడ్డలా ఉండే ప్లాస్టిక్ సంచికి 11 సార్లు చాలు. ఎందుకంటే పత్తి పండించాలి, నీళ్ళు పెట్టాలి, ఎరువులు వేయాలి, వడకాలి, నేయాలి, కుట్టాలి, ఓడల్లో తేవాలి. నా దగ్గరున్న 20 నూలు సంచులు ఒక్కొక్కటి 131 సార్లు అంటే 2,620 సార్లు. వారానికి ఐదు సంచుల చొప్పున వాడినా పదేళ్ళు పడుతుంది!

అందుకే నా అభిప్రాయం ఇది. పర్యావరణానికి మేలు చేసే వస్తువు అంటూ ప్రత్యేకంగా ఒకటి ఉండదు. మేలు చేసే అలవాటు ఉంటుంది. వస్తువు కొనడం ఒక్క నిమిషం పని. అలవాటు చేసుకోవడమే కష్టం. మనం ఆ కష్టమైన పని మానేసి సులువైన పని చేస్తున్నాం. వెదురు బ్రష్షు, గాజు డబ్బా, కొత్త నీళ్ళ సీసా అని కొంటూనే ఉంటాం. పాత సీసాలు ఐదు అలమరలో ఉంటాయి.

"రీసైకిల్ చేస్తాం కదా" అని కొందరు అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నీలం డబ్బాలో వేస్తే పాపం పోయినట్టే అని! అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం 2018లో ఈ దేశంలో వచ్చిన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమే. పలచటి కవర్లని ఇంటి ముందు రీసైక్లింగ్ డబ్బాలో వేస్తే అవి చెత్త వేరుచేసే యంత్రాలకి చుట్టుకుని పని ఆపేస్తాయి కూడా. తగ్గించు, మళ్ళీ వాడు, రీసైకిల్ చెయ్యి అని బడిలో మూడు మాటలు నేర్పుతారు కదా. రీసైకిల్ చివరి మాట. మనం దాన్ని మొదటి మాట చేసుకున్నాం.

సంచుల కన్నా పెద్ద సంగతి అన్నం. అమెరికాలో తయారయ్యే ఆహారంలో 30 నుంచి 40 శాతం వృథా అవుతుందని ఇక్కడి వ్యవసాయ శాఖ అంచనా. చెత్తకుప్పల్లోకి వెళ్ళేవాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఉండేది కూడా ఆహారమే, దాదాపు నాలుగో వంతు. అక్కడ అది గాలి తగలకుండా కుళ్ళి మీథేన్ వాయువు అవుతుంది. ఇరవై ఏళ్ళ కాలంలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. అంటే మనం పారేసిన సాంబారు గిన్నె అక్కడితో అయిపోదు.

ఈ విషయంలో మన వంటింటికి చాలా తెలుసు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పోపన్నమో పులిహోరో అవుతుంది. పెరుగు పుల్లబడితే మజ్జిగ పులుసు. దోసెల పిండి పులిస్తే పునుగులు. బీరకాయ కూర వండితే పొట్టుతో పచ్చడి. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి. ఊళ్ళో అయితే తొక్కలు, కడుగు నీళ్ళు అన్నీ కుడితి తొట్టిలోకి, అక్కడి నుంచి గేదెకి వెళ్ళేవి. మా అమ్మమ్మ పర్యావరణం అన్న మాట వాడగా నేను వినలేదు. డబ్బు తక్కువగా ఉండేది కాబట్టి పారేసేది కాదు, అంతే. ఆ లేమిని నేను గొప్ప చేసి చెప్పను. కానీ చెయ్యి అలవాటు పడ్డ ఆ పనితనం మాత్రం పోగొట్టుకోకూడదు. బీరపొట్టు పచ్చడి ఎలా చేస్తారో మీ ఇంట్లో ఎవరికి తెలుసో ఈ వారం అడగండి.

ఇంతకీ నేను అసలు చెప్పాలనుకున్నది మన పండగల గురించి. ఉగాది, బతుకమ్మ, దీపావళి, ఏది వచ్చినా బడి హాలు అద్దెకి తీసుకుని అందరం కలుస్తాం. పాటలు, నాటకాలు, తర్వాత భోజనాలు. పోయిన ఉగాదికి మా చిన్న కార్యక్రమంలోనే ఎనిమిది పెద్ద చెత్త సంచులు నిండాయి. పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, సగం తాగిన నీళ్ళ సీసాలు. కాగితం పళ్ళేలే కదా అనుకుంటాం. పులుసు కారకుండా వాటిలో చాలావాటికి సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. కూర అంటిన కాగితం రీసైక్లింగ్‌కి పనికిరాదు. స్టేజి మీద పిల్లలు భూమిని కాపాడదాం అని నాటకం వేశారు. హాలు వెనక మేము ఆ సంచులు కట్టాం.

మన ఊళ్ళల్లో పూర్వం వేలమందికి భోజనాలు పెట్టినా ఇంత చెత్త మిగిలేది కాదు. అరిటాకులో, విస్తళ్ళలో వడ్డించేవారు. ఉత్తరాంధ్ర కొండల్లో గిరిజనులు కోసే అడ్డాకులతో, మిగతా చోట్ల మోదుగాకులతో విస్తళ్ళు కుట్టేవారు. తిన్నాక ఆకు పశువుకి వెళ్ళేది, లేదా మట్టిలో కలిసేది. ఇప్పుడు అక్కడా థర్మోకోల్ పళ్ళేలు వచ్చిపడ్డాయి. 2022 జూలై 1 నుంచి ఇండియాలో కూడా ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, స్ట్రాలు నిషేధించాల్సి వచ్చింది.

అడ్డాకులు న్యూజెర్సీకి తెప్పించమని నేను అనడం లేదు. అది మళ్ళీ ఓడల్లో తెచ్చుకోవడమే అవుతుంది. మన ఇళ్ళల్లో ఉన్నవాటినే తీద్దాం. ఏ తెలుగింట్లో స్టీలు కంచాలు లేవు చెప్పండి? సూట్‌కేసులో బట్టలు తగ్గించి మరీ తెచ్చుకున్నాం! వచ్చే దీపావళికి ప్రతి కుటుంబం ఎంతమంది వస్తే అన్ని కంచాలు, గ్లాసులు, చెంచాలు ఒక సంచిలో పెట్టుకుని రావాలి. తిన్నాక మిగిలింది ఒక బకెట్టులో తీసేసి, కంచాలు మళ్ళీ సంచిలో పెట్టుకుని ఇంటికెళ్ళి కడుక్కోవాలి. ఇదే నా ప్రతిపాదన.

ఈ మాట మా కమిటీలో అంటే మూడు అభ్యంతరాలు వచ్చాయి. మొదటిది, "అతిథులని కంచం తెచ్చుకోమంటే బాగుంటుందా?" ఈ కార్యక్రమంలో అతిథులెవరు? అందరం తలా ఒక వంట చేసుకొచ్చేవాళ్ళమే. గిన్నెడు పులిహోర తెచ్చేవాళ్ళం నాలుగు కంచాలు తేలేమా? మర్చిపోయిన వాళ్ళకోసం, పెద్దవాళ్ళకోసం పది కంచాలు అదనంగా పెడదాం. రెండోది, "కడగడానికి నీళ్ళు ఖర్చు కావా?" అవుతాయి. కానీ ఆ రాత్రి ఎలాగూ గిన్నెలు కడుగుతాం, వాటితో పాటే ఇవీ. మూడోది పెద్ద ప్రశ్న. "పెద్ద కంపెనీలు అంత పొగ వదులుతుంటే, నా స్టీలు కంచంతో ప్రపంచం మారుతుందా?"

మారదు. ఒక్క కంచంతో మారదని ఒప్పుకోవాలి. పదేళ్ళు బతిమాలినా మానని కవర్లని ఇక్కడ చట్టం ఒక్కరోజులో ఆపింది. కాబట్టి చట్టాలు కావాలి. కానీ కాలిఫోర్నియాలో ఏమైందో చూడండి. అక్కడ 2014లో చట్టం చేశారు, 2016లో ప్రజలు ఓటేసి దాన్ని నిలబెట్టారు. పలచటి కవర్లు పోయాయి. మళ్ళీ మళ్ళీ వాడొచ్చని మందపాటి ప్లాస్టిక్ సంచులకి మాత్రం అనుమతి ఇచ్చారు. జనం వాటిని కూడా ఒక్కసారి వాడి పారేశారు. చివరికి 2024లో ఇంకో చట్టం చేసి, 2026 జనవరి 1 నుంచి వాటినీ ఆపాల్సి వచ్చింది. అలవాటు మారకపోతే చట్టంలో సందు దొరుకుతూనే ఉంటుంది. చట్టం లేకపోతే అలవాటు కొద్దిమందితోనే ఆగిపోతుంది. రెండూ కావాలి. పద్దెనిమిదేళ్ళు నిండాక మీరు ఓటు వేస్తారు. ఈలోపు కంచం తెచ్చుకోవచ్చు.

నా మాటకి వస్తే, ఆ 64 సంచుల్లో ఎనిమిది ఉంచుకున్నాను. మిగతావి దగ్గర్లో ఉన్న ఫుడ్ బ్యాంకుకి ఇచ్చాను, వాళ్ళకి సంచులు ఎప్పుడూ అవసరమే. ఇంట్లోకి సరుకులు దింపగానే సంచులు మడిచి మళ్ళీ కార్లో పెట్టేస్తున్నాను. రెండుసార్లు మర్చిపోయాను. కొత్తది కొనకుండా సరుకులు బండిలోంచి నేరుగా డిక్కీలో సర్దుకున్నాను. ఉల్లిపాయలు దొర్లాయి, అంతే!

కమిటీ ఒప్పుకుంది, ఈ ఒక్క దీపావళికి ప్రయత్నిద్దాం అన్నారు. కార్యక్రమం అయ్యాక చెత్త సంచులు ఎన్ని నిండాయో లెక్కపెట్టి అందరికీ చెప్పాలి. ఆ పని వెనక వరసలో కూర్చునే అమ్మాయికే అప్పగించాను. మరి మీ ఊళ్ళో ఎవరు లెక్కపెడతారు?